కావాలంటే సుమతిని అడగండి

జగదీష్‌కి నలభై ఏళ్ళు నిండాయి. కానీ శనివారం మధ్యాహ్నం నలుగురు తెలుగువాళ్ళ మధ్య భోజనం చేసి, సోఫాలో నడుం వాల్చి, "మా చిన్నప్పుడూ..." అని దీర్ఘం తీశాడంటే చాలు, పన్నెండేళ్ళవాడైపోతాడు. నలభై ఏళ్ళవాడితో సుమతి ఎలాగో పదిహేనేళ్ళుగా కాపురం నెట్టుకొస్తోంది. ఆ పన్నెండేళ్ళవాణ్ణి చూస్తే మాత్రం ఆమెకి ఒళ్ళు మండిపోతుంది.

మంటకి కారణం ఉంది. మిగతా ఆడవాళ్ళ మొగుళ్ళు చిన్నప్పటి గొప్పలు చెప్పుకుంటే అందులో నిజమెంతో అబద్ధమెంతో ఆ ఆడవాళ్ళకి తెలియదు. నవ్వేసి ఊరుకుంటారు. సుమతికి ఆ సౌకర్యం లేదు. జగదీష్ ఆమెకి మేనమామ కొడుకు. సుమతికి ఐదేళ్ళప్పుడు తండ్రి పోతే, తల్లి ఆమెని వెంటబెట్టుకుని అన్నగారింటికి వచ్చి చేరింది. ఆ అన్నగారి రెండో కొడుకే జగదీష్. ఇద్దరూ ఒకే కప్పు కింద పెరిగారు. ఆనక, ఇంట్లో పిల్లే కదా అని పెళ్ళి కూడా చేసేశారు. అందుకని జగదీష్ ఎంత కోత కోసినా చివర్న ఒక మాట తగిలిస్తాడు: "కావాలంటే సుమతిని అడగండి. తనూ అక్కడే ఉందిగా!"

ఎవరూ అడగరు. "మీకెంత అదృష్టమండీ సుమతిగారూ, ఇద్దరిదీ ఒకే చిన్నతనం" అంటారు. సుమతి తల ఊపుతుంది. నలుగురిలో మొగుడి మాట కొట్టెయ్యడం ఎందుకని మొదట్లో ఊపింది, తర్వాత అలవాటుగా ఊపింది. ఈ మధ్య మెడ బిగుసుకుపోతోంది.

అసలు ఆ కథల్లో ఇల్లే అబద్ధం. మేనమామ తాలూకాఫీసులో గుమాస్తా. మూడేళ్ళకోసారి బదిలీ, ఊరు మారినప్పుడల్లా అద్దె కొంప. తునిలో నుయ్యి ఉంది, పిఠాపురంలో పనసచెట్టు ఉంది, అమలాపురంలో వీధరుగు ఉంది. ఈ మూడింటినీ కలిపి జగదీష్ శాంటా క్లారాలో కూర్చుని ఒక పెద్ద లోగిలి కట్టేశాడు. తునిలో ఆ నుయ్యి ఉప్పునీళ్ళదని మాత్రం ఎవరికీ చెప్పడు. మంచినీళ్ళు రెండు వీధుల అవతల నుంచి మోసుకురావాలి. ఎవరు మోశారు? జగదీష్ కథల్లో నీళ్ళు ఎప్పుడూ బిందెలోనే ఉంటాయి, అన్నం ఎప్పుడూ వేడిగానే ఉంటుంది.

ఈ ఏడాది ఆ కథల జోరు మరీ పెరిగింది. ఎందుకు పెరిగిందో సుమతికి తెలుసు. కంప్యూటర్ చిప్పుల వ్యాపారం పడిపోయి శాంటా క్లారా లోయంతా లేఆఫుల మాటే. జగదీష్ కంపెనీలో ఇద్దరికి ఉద్యోగాలు పోయాయి. ఇతని మీద ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాణ్ణి మేనేజర్‌గా పెట్టారు. వాడు ఇతన్ని "జాగ్" అని పిలుస్తాడు. పదమూడేళ్ళ సర్వీసున్న మనిషి ఆ కుర్రాడి గది బయట నిలబడి, లోపలికి రావచ్చా అని అడగాలి. సోమవారం పొద్దున టై ముడి మూడుసార్లు విప్పి మళ్ళీ కట్టుకోవడం సుమతి చూసింది. అలాంటి మనిషికి, ఏమీ అడగక్కర్లేకుండా చెయ్యి చాపితే చేతిలో ముద్ద పడే చోటు గుర్తుకు రావడంలో వింతేముంది? ఇదంతా ఆమెకి అర్థమవుతుంది. అర్థమైనందుకు కోపం తగ్గాలి కదా, తగ్గదు, ఇంకా పెరుగుతుంది. తనూ ఉద్యోగం చేస్తోంది. వేరే కంపెనీలో పొద్దస్తమానం మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి చిప్పుల్లో లోపాలు వెతుకుతుంది. ఆమెకీ లేఆఫు భయమే. మరి తను భయమేస్తే ఎక్కడికి పారిపోవాలి? ఆమె వెనక్కి తిరిగి చూస్తే అక్కడా పనే కనిపిస్తుంది.

అంతవరకూ అయితే ఎలాగో భరించేది. ఏప్రిల్‌లో రేణు సంగతి వచ్చింది.

రేణు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పన్నెండేళ్ళు, సెవెంత్ గ్రేడు. స్కూల్లో డాన్స్ ఉంది, వెళ్తానంది. జగదీష్ వద్దన్నాడు. "దట్స్ నాట్ ఫెయిర్ డాడీ" అని తలుపు ధడేల్మని వేసుకుంది. అదే మొదలు. ఆ ఆదివారమే జగదీష్ ఆపరేటర్‌ని పట్టుకుని రాజమండ్రిలో అన్నగారింటికి ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ జానకీదేవి పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. పిల్లని ఓ రెండేళ్ళు నీ దగ్గర ఉంచుతానమ్మా, మన పద్ధతులు నేర్చుకుంటుంది అన్నాడు. ఆవిడ సంతోషంగా, "పంపించరా నాయనా! కోడలు ఉద్యోగానికి పోతుంది, నాకా ఒంట్లో ఓపిక లేదు. పిల్ల చేతికింద ఉంటుంది" అంది.

ఫోన్ పెట్టేసి జగదీష్ కళ్ళు తుడుచుకున్నాడు. "చూశావా, అమ్మకి మనవరాలంటే ఎంత ఇదో!"

రిసీవర్‌లోంచి ఆ గొంతు పక్కనే ఉన్న సుమతికీ వినబడింది. చేతికింద ఉంటుంది! సరిగ్గా ఇదే మాట, ఇదే గొంతుతో, పిఠాపురం ఇంట్లో విన్నది. అప్పుడు తనకీ పన్నెండేళ్ళే. అత్తయ్యకి నడుంనొప్పి వచ్చింది, జగదీష్‌కి చదువు ఒత్తిడి ఎక్కువైంది, ఇంట్లో పని సాగడం లేదు. ఆడపిల్లకి ఒక ఏడాది చదువు ఆగితే కొంపలేం మునిగిపోవు, చేతికింద ఉంటుంది అన్నారు. తల్లి పరాయి పంచన ఉన్న మనిషి, నోరెత్తలేదు. ఆ ఏడాది అలా ఆగుతూనే ఉంది. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసవ్వడానికి సుమతికి ఇరవై ఏళ్ళు వచ్చాయి. మిగతా చదువు శాంటా క్లారా వచ్చాక సాయంత్రం క్లాసులకి పోయి చదువుకుంది.

"వద్దు బావా. రేణుని పంపద్దు" అంది ఆ రోజే.

"ఎందుకు వద్దు? మనకి దొరికిన చిన్నతనం దానికి దొరకద్దా? ఈ మాల్స్‌లో, ఈ టీవీ ముందు ఏం పెరుగుతుంది? నువ్వు అక్కడ పెరగలేదూ? నీకేం తక్కువైంది?"

నీకేం తక్కువైంది అని ఎదురుగా నిలబడి అడిగితే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు. వద్దంటే వద్దు అని మాత్రం అంది. రెండ్రోజులు అలిగి అన్నం మానేసింది. జగదీష్ మెత్తగా నవ్వి, "నీకు బెంగగా ఉంటుంది, అలవాటవుతుందిలే" అని జూన్ నెలకి టికెట్ బుక్ చేసేశాడు. కూతురి మీద బెంగ అనుకున్నాడు. అంతకంటే ఆలోచించే అలవాటు అతనికి చిన్నప్పటినుంచీ లేదు.

మే నెల చివర్లో శాన్ రామన్‌లో ముద్దల పార్టీ పెట్టారు. ఇదీ జగదీష్ బుర్రలోంచి పుట్టిందే. హరనాథ్ అని ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరు, వీళ్ళకి బాగా స్నేహితుడు, అక్కడ కొత్తగా ఇల్లు కొన్నాడు. మెక్సికన్ మార్కెట్‌లో పచ్చి మామిడికాయలు దొరికాయి. అందరూ కలిసి హరనాథ్ ఇంట్లో ఆవకాయ పెట్టాలి. పచ్చడి జాడీల్లోకి ఎత్తాక, కలిపిన బేసిన్‌లోనే వేడన్నం వేసి, నెయ్యి పోసి కలిపి, మగవాళ్ళంతా చుట్టూ బాసింపట్టు వేసుక్కూర్చుంటే ముద్దలు చేసి చేతిలో పెట్టాలి. అచ్చం అతని చిన్నప్పుడు నాయనమ్మ పెట్టినట్టు. పెట్టేది సుమతి. పనిలో పని, రేణుకి సెండాఫ్ కూడా అయిపోతుంది. మిగతా ఐదు కుటుంబాలవాళ్ళకీ జగదీష్ స్వయంగా ఫోన్లు చేశాడు. కారు నడుపుతున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. రేణు వెనకసీట్లో చెవులకి వాక్‌మన్ తగిలించుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వెళ్ళనని ఒకసారి ఏడ్చింది, తర్వాత ఏడవడం మానేసింది. సుమతికి ఆ మానెయ్యడమే ఎక్కువ భయంగా ఉంది.

హరనాథ్ గరాజ్‌లో శ్యామ్‌సుందర్ కాయలు కొట్టాడు. వరంగల్ మనిషి, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, మాంసం కొట్టే కత్తి పట్టుకుని ఊపు మీద పది కాయలు కొట్టి, "ఇగ నాతోని కాదు" అని బీరు సీసా అందుకున్నాడు. మిగిలినవి హరనాథ్ భార్య ప్రమోద కొట్టింది. కాయలు కొట్టడమంటే అందరూ చూస్తారు, చప్పట్లు కొడతారు. ఆ తర్వాతి పనిని ఎవరూ చూడరు. ఒక్కో ముక్కా గుడ్డతో తుడవాలి, టెంకలో జీడి తియ్యాలి, లోపలి పొర ఒలవాలి. ఆడవాళ్ళంతా వంటింట్లో కింద కూర్చుని ఆ పని మొదలుపెట్టారు. రేణు కూడా వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

ఒక గంటకి రేణు చేతులు ఎత్తి చూపించింది. "అమ్మా, ఇట్ బర్న్స్."

సొన తగిలి పిల్ల వేళ్ళు కందిపోయాయి. సుమతి లేవబోతోంది, ఇంతలో ఐసు కోసం వంటింట్లోకి వచ్చిన జగదీష్ చూశాడు. అతని మొహం విప్పారింది. "అరె! హరనాథ్, ఇలా రా! మా సుమతి చేతులు కూడా అచ్చం ఇలాగే ఉండేవోయ్! ఆవకాయల రోజుల్లో ఎర్రగా పండి, గోరింటాకు పెట్టుకున్నట్టు ఉండేవి. కావాలంటే అడుగు."

హరనాథ్ నిజంగానే మెచ్చుకోలుగా నవ్వాడు. సుమతి రేణుని సింక్ దగ్గరికి తీసుకెళ్ళి చేతులు కడిగి కొబ్బరినూనె రాసింది. గోరింటాకట! ఆ వేళ్ళు బొబ్బలెక్కి, తోలు ఊడి, వారం రోజులు ముద్ద కలుపుకోలేకపోయేది. అంట్లు తోమితే బూడిద మంట. ఆ మంట ఇతగాడికి ముచ్చటగా కనబడింది, ఇరవై ఎనిమిదేళ్ళు దాచుకుని తెచ్చి ఇక్కడ నలుగురికీ పంచుతున్నాడు.

అవతల గదిలో ఇంకో కథ మొదలైంది. అదీ సుమతిదే. "మా సుమతి కిరాణాకొట్టు పొట్లాలు విప్పి, ఆ కాగితాలు చదివేది! చింతపండు అంటుకున్న కాగితాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని మరీ!" మగవాళ్ళు పగలబడి నవ్వారు. సుమతికి చిన్నతనంలో తనదంటూ మిగిలింది అదొక్కటే. సాయంత్రం అంట్లకీ దీపాలకీ మధ్య దొరికే కాస్త వ్యవధిలో, పెరటిమెట్ల మీద కూర్చుని, సగం చినిగిన కథ చదువుకుని, మిగతా సగం తనే ఊహించుకునేది. ఆ మెట్లంటే ఆమెకి ఇప్పటికీ ప్రాణం. దాన్నీ జగదీష్ వదల్లేదు, లాక్కుపోయి తన కథలో నవ్వులాటకి పెట్టుకున్నాడు.

ఆవకాయ కలిపారు, జాడీల్లోకి ఎత్తారు. పెద్ద స్టీలు బేసిన్ అంచుల నిండా కారం, నూనె, ఆవపిండి. అందులో పొగలు కక్కుతున్న అన్నం కుమ్మరించారు. ఫ్యామిలీ రూమ్‌లో కొత్త కార్పెట్ పాడవకుండా న్యూస్‌పేపర్లు పరిచి, ఆరుగురు మగవాళ్ళూ గుండ్రంగా చతికిలబడ్డారు. కూర్చునేటప్పుడు మోకాళ్ళు పటపటలాడాయి. బొజ్జలు అడ్డొచ్చి ఒకరిద్దరు వెనక్కి వాలారు. ఆడవాళ్ళు చుట్టూ నిలబడి నవ్వుతున్నారు. సుమతిని మధ్యలో ఒక పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టారు.

"ఆ కొంగు కాస్త తలమీదకి లాక్కో సుమతీ. అచ్చం నాయనమ్మలా ఉంటావు" అన్నాడు జగదీష్.

ఆమె లాక్కోలేదు. కలిపి, ముద్ద చేసి, మొదటి చేతిలో పెట్టింది. తర్వాత రెండో చెయ్యి. ఆరు చేతులూ చాపి ఉన్నాయి. ఒకదానికి బంగారు గొలుసు వాచీ, ఒకదానికి జాతకం రాయి ఉంగరం. ముద్ద నోట్లో పెట్టుకుని శ్యామ్‌సుందర్ కళ్ళు మూసుకున్నాడు. "వదినా, మా నాయనమ్మ యాదికొచ్చింది" అన్నాడు బొంగురుగా. జగదీష్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది కారం వల్ల కాదని సుమతికి తెలుసు. అతని మొహంలో సోమవారం భయం లేదు, ఆ కుర్ర మేనేజర్ లేడు. పాపం అనిపించింది ఆమెకి. ఒక్క ముద్దకి ఇంత తేలికపడతాడంటే, పెట్టేస్తే పోయె అనుకుని రెండో ముద్ద కాస్త పెద్దదే చేసింది.

అప్పుడు రేణు వచ్చింది. తండ్రికీ శ్యామ్‌సుందర్‌కీ మధ్య ఉన్న కాస్త జాగాలో ఇరుక్కుని కూర్చుని, నూనె రాసిన చెయ్యి చాపింది. "అమ్మా, నాకు కూడా వన్."

"లేమ్మా రేణూ" అన్నాడు జగదీష్. "కారంగా ఉంది, అంకుల్స్‌కి మంచినీళ్ళు తెచ్చిపెట్టు. నువ్వు తర్వాత తిందువుగాని."

"బట్ డాడీ, ఇది నా పార్టీ కదా?"

"అక్కడ ఆడపిల్లలు ఇలా మధ్యలో వచ్చి కూర్చోరు తల్లీ. ఇంకో రెండు వారాల్లో వెళ్తున్నావా, ఇప్పట్నుంచే ప్రాక్టీస్ చేసుకో."

నవ్వుతూనే అన్నాడు. అందరూ నవ్వారు. రేణు కూడా, అందరూ నవ్వుతున్నారు కాబట్టి, కొంచెం నవ్వి లేచింది. దట్స్ నాట్ ఫెయిర్ అనలేదు. తలుపులు విసిరికొట్టే పిల్ల, ఒక్క మాట ఎదురు చెప్పకుండా లేచి వంటింటివైపు తిరిగింది. ఆ తిరగడం చూసి సుమతి చేతిలో ముద్ద చితికిపోయింది.

"రేణూ, వచ్చి కూర్చో" అంది.

గొంతు ఎలా ఉందో ఏమో, నిలబడి నవ్వుతున్న ఆడవాళ్ళు నవ్వు ఆపేశారు. రేణు ఇద్దరి మొహాలూ చూసి, ఉన్నచోటే నిలబడిపోయింది.

"అబ్బా, మూడ్ పాడుచెయ్యకు సుమతీ. అంతా ఒరిజినల్‌గా జరగాలనేగా ఇంత చేసింది" అన్నాడు జగదీష్.

"సరే, ఒరిజినల్‌గానే చేద్దాం. నాకు సరిగ్గా గుర్తురావట్లేదు, నువ్వు చెప్పు బావా. మనింట్లో ముద్దలు పెట్టేటప్పుడు ఎవరెక్కడ కూర్చునేవాళ్ళం?"

నలుగురిలో ఆమె అతన్ని ఎప్పుడూ ఏమండీ అనే పిలుస్తుంది. జగదీష్ ఆ తేడా గమనించలేదు. చిన్నప్పటి సంగతి అడిగేసరికి మహా ఉత్సాహం వచ్చేసింది. ఎడం చేత్తో గాల్లో గీతలు గీస్తూ చెప్పాడు. "నాయనమ్మ వంటింటి గడపకి వీపు ఆనించుకుని కూర్చునేది. ఆవిడకి కుడిపక్క అన్నయ్య. అన్నయ్య పక్కన నేను. నా తర్వాత తమ్ముడు. ఎదురింటి కరణంగారి అబ్బాయి కూడా వచ్చి మా ఎదురుగా కూర్చునేవాడు, వాడికి రెండు ముద్దలే..."

"మరి నేనో?"

"నువ్వు కూర్చునేదానివి కాదుగా! నువ్వు నీళ్ళు..."

అక్కడ ఆగిపోయాడు.

"ఆగావేం? చెప్పు" అంది సుమతి. "నేను నీళ్ళు తెచ్చేదాన్ని. తుని అయితే రెండు వీధులు దాటి తెచ్చేదాన్ని. మీరు తింటుంటే చెంబు పట్టుకుని నీ వెనకాల నిలబడేదాన్ని. అడగండి అడగండి అని ఊరందరికీ చెప్తావుగా, ఇప్పుడు చెప్తున్నాను విను. మీరంతా లేచాక ఆ బేసిన్ నా దగ్గరికొచ్చేది. అడుగున ఉన్నదాంట్లో ఇంత మజ్జిగ పోసుకుని తినవే అనేది అత్తయ్య. చేతులు బొబ్బలు కదా, ఎడంచేత్తో తినేదాన్ని. ఆ బొబ్బలేగా నీకు గోరింటాకులా కనబడ్డాయి!"

"సుమతీ, అందరి ముందూ ఏంటిది..."

"అందరి ముందేగా నువ్వూ చెప్పేది! పదిహేనేళ్ళుగా అందరి ముందూ నాచేత తల ఊపించావు. నీ చిన్నతనం అంత కమ్మగా ఉందంటే, నా చిన్నతనం పొయ్యిలో పెట్టి వండారు కాబట్టి. చెయ్యి చాపితే అన్నం వచ్చేది, అరిస్తే నీళ్ళొచ్చేవి. ఎక్కణ్ణుంచి వచ్చేవో నీకు అక్కర్లేదు. ఇప్పుడు ఆఫీసులో ఆ కుర్రవెధవ నిన్ను నిలబెట్టేసరికి మళ్ళీ అలా కూర్చోవాలనుంది. కూర్చో, కాదనను, నాకూ జాలేస్తుంది. కానీ రేణుని పంపిస్తే దానికి దొరికేది నీ చిన్నతనం అనుకుంటున్నావా? దానికి దొరికేది నాది."

హరనాథ్ గొంతు సవరించుకుని, "పోనీలేమ్మా, అవన్నీ పాత రోజులు..." అనబోయాడు.

"మీరు ఊరుకోండి" అంది ప్రమోద. మొగుణ్ణి అంత గట్టిగా కసరడం ఆ స్నేహితులెవరూ అంతవరకూ వినలేదు.

"ఇప్పుడు రోజులు మారాయి" అన్నాడు జగదీష్ నెమ్మదిగా. "అమ్మ ఇప్పుడు అలా ఉండదు."

"ఫోన్‌లో ఏమందో అందరికీ చెప్పు మరి."

జగదీష్ చాపిన కుడిచెయ్యి ఇంకా అలాగే ఉంది. ఆవకాయ నూనె మణికట్టు దాకా కారి వాచీ పట్టీకి అంటుకుంటోంది. తుడుచుకోవాలని కూడా అతనికి తోచినట్టు లేదు.

రేణు తల్లివైపే చూస్తోంది. ఇంట్లో పెద్దవాళ్ళు వేగంగా మాట్లాడుకునే తెలుగు ఆ పిల్లకి అంతా అర్థం కాదు. అర్థమైనంతవరకూ కూడబలుక్కుని అడిగింది. "అమ్మా, యూ మీన్... నువ్వు వాళ్ళ మెయిడ్‌వా?"

"కాదమ్మా" అంది సుమతి. "ఇంటిపిల్లని."

అంతసేపూ అరిచిన మనిషి ఈ రెండు మాటలూ అతి మామూలుగా అంది. శ్యామ్‌సుందర్ తల దించుకుని పక్కకి జరిగాడు, రేణుకి జాగా ఇచ్చి. పిల్ల కూర్చుంది. సుమతి ముద్ద కలిపి, కందిన వేళ్ళకి కారం తగలకుండా నోటికే అందించింది. రేణు కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ నమిలింది. ఆ తర్వాత సుమతి ఇంకో ముద్ద చేసి, ఎవరి చేతిలోనూ పెట్టకుండా, తనే తింది. ఉప్పు కాస్త తక్కువైంది.

"రేణు వెళ్ళదు బావా. ట్రావెల్ ఏజెంట్‌కి రేపు నువ్వు ఫోన్ చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

జగదీష్ చుట్టూ చూశాడు. ఇందాకటి దాకా కూడా నవ్విన స్నేహితులంతా న్యూస్‌పేపర్ల మీది అక్షరాలు చదువుతున్నట్టు కిందికి చూస్తున్నారు. అతను చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్యాంటుకి ఎర్రగా నూనె అంటుకుంది.

"నేనే చేస్తాను" అన్నాడు. ఆ వెంటనే బతిమాలుతున్నట్టు అన్నాడు. "ఒట్టు సుమతీ. నాకివన్నీ నిజంగా గుర్తులేవు."

"ఎందుకు లేవు బావా?" అంది సుమతి. "అడగ్గానే చెప్పావుగా."